మా బాబు ఆయాసం, ముక్కులో సెలైన్: ఐదు నెలల నా అనుభవం

2024 అక్టోబరు 31, దీపావళి రాత్రి. పదకొండు దాటాక మా చిన్నోడు నిద్రలోంచి లేచి మంచం మీద కూర్చున్నాడు. పడుకోమంటే పడుకోడు. రెండు చేతులూ పరుపు మీద ఆనించి, భుజాలు పైకెత్తి, మెడ ముందుకు చాచి ఊపిరి తీస్తున్నాడు. చొక్కా ఎత్తి చూస్తే డొక్కలు లోపలికి పోతున్నాయి. పిల్లికూతలు గది బయటికి వినపడుతున్నాయి. "అమ్మా, నీళ్లు" అనడానికి మధ్యలో ఆగాడు. ఆరేళ్ల పిల్లాడు రెండు మాటల మధ్య ఊపిరి కోసం ఆగుతుంటే చూడటం ఏ తల్లికీ వద్దు.

మాది చీమకుర్తి. ఒంగోలు ఇరవై కిలోమీటర్ల పైమాటే. పక్కింటి అన్నయ్య కారు తీశాడు. కర్నూలు రోడ్డు మీద రాళ్ల లారీల వెనక, దారి పొడుగునా టపాసుల పొగలో, నలభై నిమిషాలు పట్టింది. అద్దాలు ఎత్తినా వాసన లోపలికి వస్తూనే ఉంది. ఆ నలభై నిమిషాలూ వాడి వీపు మీద చెయ్యేసి ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 91 చూపించింది. ఇరవై నిమిషాలకొకటి చొప్పున మూడుసార్లు నెబులైజర్ (మందుని ఆవిరిలా పీల్పించే మిషను) పెట్టారు. మూడోదాని తర్వాత డొక్కలు ఎగరేయడం తగ్గింది. రెండు రాత్రులు ఉంచుకున్నారు. మందులతో కలిపి 11,400 రూపాయలు అయింది. ఇంటికి పంపేటప్పుడు పంపు (నోటితో పీల్చే ఇన్‌హేలర్), దానికి తగిలించే గొట్టం లాంటి స్పేసర్, మాస్కు కొనిపించి, పది రోజుల తర్వాత ఓపీకి రమ్మన్నారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ రాత్రికి ముందు మూడు వారాలుగా వాడికి రొంప ఉంది. అక్టోబరు వానలకి మొదలైంది. ముక్కు బిగుసుకుపోయి, రాత్రంతా నోరు తెరుచుకొని పడుకునేవాడు. గురక పెట్టేవాడు. మేం దాన్ని "రొంపే కదా" అనుకున్నాం. మందుల షాపులో అడిగితే ముక్కులో వేసే చుక్కలు ఇచ్చారు. వేసిన పది నిమిషాలకే ముక్కు తెరుచుకునేది. అంత హాయిగా ఉంటే ఎవరు ఆపుతారు? రోజుకి రెండుసార్లు, తర్వాత మూడుసార్లు, అట్లా మూడు వారాలు వేశాం. చివరికొచ్చేసరికి చుక్కలు వేయకపోతే ముక్కు అసలు తెరుచుకునేది కాదు.

నవంబరు 11, సోమవారం, ఓపీ. చీటీకి 400 రూపాయలు. ఉదయం తొమ్మిదింపావుకి వెళ్తే పన్నెండుకి పిలిచారు. పండగ తర్వాత ఒంగోలులోని దగ్గులన్నీ ఆ హాల్లోనే ఉన్నట్టున్నాయి. డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టకముందే వాడి ముక్కులో లైటు వేసి చూసింది. నేను ఆయాసం గురించి చెబుతుంటే ఆవిడ ముక్కు గురించే అడుగుతోంది. రాత్రి నోరు తెరుస్తాడా? పొద్దున్నే తుమ్ములా? చేత్తో ముక్కు పైకి రుద్దుకుంటాడా? అన్నిటికీ అవునన్నాను. సంచిలోంచి ఆ చుక్కల సీసా తీసి చూపించాను.

ఆవిడ సీసా తిప్పి పేరు చూసి, "ఎన్ని రోజులు వేశావమ్మా?" అని అడిగింది. చెప్పాను. ఆ మందు లోపలి రక్తనాళాల్ని బిగించి ముక్కు తెరుస్తుందట. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు. అంతకు మించితే మందు దిగగానే లోపల ఇంకా ఎక్కువ ఉబ్బుతుందట. జబ్బు ఒకటైతే మేం దానికి రెండోది తోడు చేశామన్నమాట. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. "నీకెవరైనా చెబితేగా తెలిసేది. ఏడవమాక" అంది.

తర్వాత తెల్ల కాగితం మీద ఒక గీత గీసి చూపించింది. పైన ముక్కు, కింద ఊపిరితిత్తులు, మధ్యలో ఒకటే దారి. ముక్కులోకి పోయిన గాలి వెచ్చబడి, తడి అయి, దుమ్ము వడగట్టుకొని కిందికి పోవాలి. ముక్కు మూసుకుపోతే ఆ పని జరగదు. నోటితో పీల్చిన చల్లగాలి, పొడిగాలి, దుమ్ముగాలి నేరుగా లోపలికి పోతుంది. దానికి తోడు రాత్రి పడుకున్నప్పుడు చీమిడి వెనక నుంచి గొంతులోకి జారుతుంది. తెల్లవారుజామున వచ్చే దగ్గు అందుకే ఎక్కువ.

ఆ రోజు రాసినవి ఇవి. పంపు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, స్పేసర్‌తో, తర్వాత నోరు పుక్కిలించాలి. ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలం పంపు వేరే. ముక్కుకి నెల రోజులు ఒక స్ప్రే. అన్నిటికంటే ముందు, రోజుకి రెండుసార్లు సెలైన్‌తో, అంటే ఉప్పునీళ్లతో, ముక్కు కడగడం. స్ప్రే అయినా కడిగిన పది పదిహేను నిమిషాలకి కొట్టాలి. చీమిడి మీద మందు పడితే చీమిడికే తగులుతుంది, లోపలికి పోదంది.

"కడగడం" అంటే నేను రెండు చుక్కలు వేయడం అనుకున్నాను. సిస్టర్ పక్కగదిలోకి తీసుకెళ్లి చూపించినప్పుడు భయం వేసింది. సూది లేని పది మిల్లీల సిరంజి. ఒక్కో ముక్కులో ఐదు మిల్లీలు. పిల్లాడు బేసిన్ మీదకి వంగి, తల ఒక పక్కకి వాల్చి, నోరు తెరిచి, "ఆ..." అంటూ ఉండాలి. "ఆ" అంటున్నంతసేపూ వాడు మింగలేడు, పొలమారదు. సిరంజి మొన ముక్కు రంధ్రంలో కాస్త లోపలికి, అదే వైపు కంటి చివర వైపు తిప్పి పెట్టాలి, మధ్యగోడ వైపు కాదు. మెల్లగా నొక్కాలి. పై ముక్కులో పోస్తే కింది ముక్కులోంచి వస్తుంది. సిస్టర్ చేస్తే అర నిమిషంలో అయిపోయింది. మా వాడు ఏడవను కూడా లేదు, ఆశ్చర్యపోయి చూశాడు.

సెలైన్ అంటే చేతికి ఎక్కించే నార్మల్ సెలైనే, వంద మిల్లీల చిన్న సీసా. మాకు పడ్డది సీసా 22 రూపాయలు. సిరంజి పది. మిగిలిన మందులన్నీ కలిపి 1,350 అయితే, రోజూ రెండు పూటలా పని చెప్పేది మాత్రం ఈ 32 రూపాయల సామాను.

ఆ రాత్రి ఇంట్లో మొదటిసారి. నా తప్పులన్నీ ఒకేసారి జరిగాయి. సీసా చల్లగా ఉంది, వెచ్చబెట్టలేదు. వాడికి నిద్ర ముంచుకొస్తోంది, అన్నం తిని పావుగంట కూడా కాలేదు. బేసిన్ ఎత్తు అందక మంచం మీదే తల వెనక్కి వాల్చి పోశాను. నీళ్లు గొంతులోకి పోయి పొలమారింది. దగ్గి దగ్గి తిన్నదంతా కక్కేశాడు. మా అత్తయ్య పరిగెత్తుకొచ్చి, "పిల్లోణ్ణి చంపుతావా ఏందే, ముక్కులో నీళ్లు పొయ్యడమేంది?" అని నా చేతిలో సిరంజి లాక్కుంది. ఆవిణ్ణి అనను. దీపావళి రాత్రి వాడి డొక్కలు చూసిన మనిషి ఆవిడ కూడా. మర్నాడు సిరంజి చూపిస్తేనే వాడు తలుపు చాటుకి పోయాడు. మూడు రోజులు కడగలేదు.

నవంబరు 15న ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఆ సిస్టరే ఎత్తింది. ఆవిడ చెప్పిన నాలుగు మాటల వల్లే ఈ పని నిలబడింది. సెలైన్‌ని స్టీలు గ్లాసులో పోసి, ఆ గ్లాసుని వేడినీళ్ల గిన్నెలో రెండు నిమిషాలు ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూడు, పాలసీసాకి చూసినట్టే. తినకముందు చెయ్యి. ఐదు మిల్లీలు వద్దు, రెండుతో మొదలెట్టు. నాలుగోది, సిరంజి వాడి చేతికే ఇవ్వు.

ఆ నాలుగోది నేను ఊహించలేదు. ఆ సాయంత్రం సిరంజి, గ్లాసుడు మామూలు నీళ్లు వాడి చేతికిచ్చి బాత్రూమ్ గోడ మీద కొట్టుకోమన్నాను. అరగంట ఆడాడు. చెల్లెలి బొమ్మ ముక్కు కడిగాడు. "నువ్వు 'ఆ' అనవే" అని బొమ్మకి చెప్పాడు. మర్నాడు స్టూలు వేసి బేసిన్ ముందు నిలబెట్టి, వాడి చేతి మీద నా చెయ్యి వేసి, రెండు మిల్లీలు పోశాం. ఏడవలేదు. వారం తిరిగేసరికి ఐదు మిల్లీలకి వచ్చాం. నవంబరు 24న నా చెయ్యి తోసేసి తనే పోసుకున్నాడు.

మధ్యలో ఒకరోజు జరిగింది చెప్పాలి. నవంబరు 19 సాయంత్రం. కుడి ముక్కులో పోస్తే ఎడమ వైపు నుంచి నీళ్లు రాలేదు. ఆగాం. మళ్లీ కొంచెం పోస్తే, వాడు "ఆ..." అంటుండగానే, ఎడమ ముక్కులోంచి ఒక తీగ లాంటిది దిగడం మొదలైంది. చిక్కగా, సాగుతూ, తెగకుండా, జానెడు పొడుగు. చివరికి తెగి తెల్ల బేసిన్‌లో పడింది. పైన పచ్చగా ఉంది, మధ్యలో బూడిదరంగు చారలు, అక్కడక్కడా నల్లటి నలుసులు. వాడు రెండు ముక్కులతో గట్టిగా గాలి పీల్చి, "అమ్మా, చల్లగా ఉందే" అన్నాడు. ముక్కులోంచి గాలి పోవడం ఎలా ఉంటుందో వాడు మర్చిపోయాడు.

మా ఆయన అప్పుడే పని నుంచి వచ్చి వెనకాల నిలబడి ఉన్నారు. గ్రానైట్ పలకలు పాలిష్ చేసే యూనిట్‌లో పని. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ రాయి, ప్రపంచమంతా మా ఊరి నుంచే పోతుంది. ఆయన బేసిన్‌లోకి చూశారు. తన చొక్కా చేతులు చూసుకున్నారు. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి యూనిట్‌లోనే స్నానం చేసి, బట్టలు మార్చుకొని, దుమ్ముబట్టలు వేరే కవరులో కట్టి తెస్తున్నారు. ఇంట్లో అడుగు పెట్టగానే వాణ్ణి ఎత్తుకునే మనిషి, ఆ వారం రోజులూ ముందు చేతులు కడుక్కొని వచ్చి ఎత్తుకుంటుంటే నాకు చూడబుద్ధి కాలేదు. డాక్టరమ్మతో చెబితే, అదంతా రాయిదే అనుకోవద్దంది. దోమల కాయిల్, సాంబ్రాణి, అగరుబత్తి, టపాసుల పొగ, రోడ్డు దుమ్ము అన్నీ అందులో ఉంటాయంది. కాయిల్ ఆ రోజే మానేసి దోమతెర కట్టాం. సాంబ్రాణి విషయంలో అత్తయ్య ఒప్పుకోవడానికి ఇంకో నెల పట్టింది.

నవంబరు 25, రెండో ఓపీ. ఈసారి గంటన్నరే. బరువు, ఎత్తు, ఊపిరి అన్నీ చూసి బాగుందంది. నాకు ఒక అనుమానం ఉండింది, అడిగేశాను: "ఉప్పునీళ్లకి ఇంత తగ్గుద్దా మేడమ్? మందేమీ లేదు కదా అందులో?" ఆవిడ విసుక్కోకుండా కుర్చీ నా వైపు తిప్పింది. ఆ సెప్టెంబరులోనే వియన్నాలో ఊపిరితిత్తుల డాక్టర్ల పెద్ద సదస్సులో ఎడిన్‌బరో వాళ్లు చెప్పారట. ఆరేళ్ల వరకు వయసున్న 407 మంది పిల్లల్ని తీసుకొని, జలుబు చేసినప్పుడు కొందరికి తల్లిదండ్రుల చేతే ఉప్పునీటి చుక్కలు వేయించారట, మిగతావాళ్లని మామూలుగా చూసుకోమన్నారట. చుక్కలు వేసిన పిల్లలకి జలుబు సగటున ఆరు రోజులుంటే, వేయనివాళ్లకి ఎనిమిది. ఇంట్లో మిగతావాళ్లకి అంటుకోవడం కూడా తగ్గిందట: వేయనివాళ్లలో 61 శాతం ఇళ్లలో అంటుకుంటే, వేసినవాళ్లలో 46 శాతం. ఉప్పులోని క్లోరైడ్‌ని ముక్కు లోపలి కణాలే వాడుకొని వైరస్‌ని అణిచే పదార్థం తయారుచేసుకుంటాయట. "కానీ అది జలుబు లెక్క. ఆయాసానికి ఇదే మందని నేను అనలేదు, గుర్తుపెట్టుకో" అంది. అది నేను గుర్తుపెట్టుకోలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

వాళ్లు వాడింది 2.6 శాతం ఉప్పునీళ్లు. మాకు రాసింది 0.9. అంటే దాదాపు మూడో వంతు. ఎక్కువ ఉప్పు వేస్తే త్వరగా తగ్గుతుందేమోనని నేను అడగబోతుంటే, ముందే ఆవిడ అంది: "ఎక్కువైతే మంట పుడుతుంది, మంట పుడితే నీ కొడుకు మళ్లీ తలుపు చాటుకి పోతాడు."

అసలు ఇబ్బంది సీసాల దగ్గర వచ్చింది. మూత తెరిచిన సీసా ఆ రోజుకే, మిగిలింది పారబోయాలి. రోజుకి వాడేది ఇరవై మిల్లీలు, పారబోసేది ఎనభై. నెలకి 660 రూపాయలు. పైగా చీమకుర్తిలో వంద మిల్లీల సీసాలు అన్ని రోజులూ దొరకవు. ఇంట్లో చేసుకోవచ్చా అంటే, చేసుకోవచ్చు గానీ రెండు షరతులంది: నీళ్లు, తూకం.

నీళ్ల గురించి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారింది. మేం క్యాన్ నీళ్లు కొంటాం. అవి ఫిల్టర్ నీళ్లే కదా అన్నాను. తాగడానికి సరిపోయే నీళ్లు ముక్కుకి సరిపోవంది. ఆ ఏడాది కేరళలో చెరువుల్లో, నదుల్లో స్నానం చేసిన పిల్లలకి ముక్కులోంచి అమీబా మెదడుకెక్కి ప్రాణాలు పోయాయి, టీవీలో నేనూ చూశాను. అదే అమీబా కడుపులోకి పోతే ఏమీ చేయదట, ముక్కులోకి పోతేనే. అందుకని ఏ నీళ్లయినా తెర్లనిచ్చి, తెర్లడం మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఉంచి, మూతపెట్టి చల్లార్చాలి. సిరంజి కూడా కాచిన నీళ్లతోనే కడిగి ఆరబెట్టాలి, వారానికొకటి మార్చాలి.

తూకం లీటరుకి తొమ్మిది గ్రాములు. అర లీటరుకి నాలుగున్నర. మా వంటింట్లో నాలుగున్నర గ్రాములు తూచేది ఏముంటుంది? "చెంచాడు" అని ఒకరంటారు, "చిటికెడు" అని ఒకరంటారు. అత్తయ్య పుట్టిల్లు చినగంజాం దగ్గర. రైల్లో పోతుంటే కిటికీలోంచి ఉప్పు కుప్పలు కనపడే ఊరు. ఆవిడ డబ్బాలోంచి కల్లుప్పు తీసి, "సముద్రపు ఉప్పేగా, ఇంతకంటే మంచిది ఎక్కడ దొరుకుద్ది?" అంది. నిజమే, ఆ ఎడిన్‌బరో వాళ్లు వాడింది కూడా సముద్రపు ఉప్పే. కానీ మన కల్లుప్పుని నీళ్లలో వేసి చూపించాను. గ్లాసు అడుగున సన్నటి మట్టి తేరింది. అత్తయ్య గ్లాసుని వెలుతురుకి పట్టి చూసి కింద పెట్టింది. మెత్తటి శుద్ధమైన ఉప్పు, వీలైతే అయొడిన్ కలపనిది వాడమని డాక్టరమ్మ రాసింది. ఒంగోలులో మూడు షాపులు తిరిగితే దొరికింది.

ఆ ఉప్పు పొట్లం తీసుకొని బజారులో బంగారం కొట్టుకి వెళ్లాను. నా మంగళసూత్రం గొలుసు చేసిన కొట్టే. "అన్నా, దీన్ని తూచి పెట్టాలి" అని పొట్లం విప్పితే ఆయన నా మొహం వైపు చూశాడు. చెప్పాను. గ్రాము కాటా మీద చిన్న కాగితం పెట్టి, సున్నా చేసి, పట్టకారు చివరతో రవ్వ రవ్వ వేస్తూ 4.50 దగ్గర ఆపాడు. నేను ఇంటి నుంచి తీసుకెళ్లిన సిరప్ మూతలో ఆ ఉప్పు పోసి, ఎక్కడి దాకా వచ్చిందో అక్కడ బ్లేడుతో గీత గీశాను. మళ్లీ ఆ గీత దాకా ఉప్పు పోసి తూయించాను: 4.4. ఇంకోసారి: 4.6. "చాలమ్మా, బంగారానికి కూడా ఇంత ఇదిగా ఎవరూ చూసుకోరు" అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. వాళ్ల మనవరాలికీ రాత్రిపూట దగ్గట. అలా గీత గీసిన మూత ఆయనకీ ఒకటి చేసిచ్చి వచ్చాను.

డిసెంబరు బాగా గడిచింది. రాత్రి నోరు మూసుకొని పడుకుంటున్నాడు. గురక లేదు. నేనే అలవాటు కొద్దీ రెండింటికి లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. బడిలో మూడు వారాలు వరసగా ఒక్క రోజు కూడా మానలేదు. డిసెంబరు 9న జలుబు చేసింది, ఐదో రోజుకి తగ్గింది, నీలం పంపు అవసరమే రాలేదు. ఆ జలుబులోనే ఒక పొరపాటు చేశాను. ముక్కు బాగా బిగుసుకుందని సిరంజి గట్టిగా నొక్కాను. చెవి పట్టుకొని ఏడ్చాడు. ముక్కు నుంచి చెవికి దారి ఉంటుంది, ఒత్తిడి అటు పోయింది. నాలుగు రోజులు కడగడం ఆపించారు. బిగుసుకున్నప్పుడు గట్టిగా నొక్కకూడదు. రెండు మూడు చుక్కలు వేసి, ఐదు నిమిషాలు ఆగి, మెత్తబడ్డాక మెల్లగా పోయాలి. కడిగాక చీదేటప్పుడు కూడా ఒక్కో ముక్కే, నెమ్మదిగా.

ఇక నా పెద్ద తప్పు. ఇంత బాగున్నాడు కదా, రోజూ పంపు ఎందుకు అనిపించడం మొదలైంది. చుట్టుపక్కల వాళ్లు "అది స్టెరాయిడ్ అంట, పిల్లోడు ఎదగడంట" అన్నారు. "పంపు అలవాటైతే జన్మలో వదలదు" అన్నారు. అత్తయ్య మృగశిర కార్తెకి హైదరాబాద్ తీసుకుపోయి చేప మందు వేయిద్దామంది. అందరి మాటలూ ఒకవైపు, నా మనసులో అంతకంటే బలమైన మాట ఒకటి: ఉప్పునీళ్లు పనిచేస్తున్నాయి కదా. డిసెంబరు 22 నుంచి పంపు పొద్దునపూట మానేశాను. జనవరి మొదటి వారానికి రెండు పూటలా మానేశాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ముక్కు మాత్రం రెండు పూటలా శ్రద్ధగా కడిగాను. ఏమీ కాలేదు. అందుకే ఇంకా నమ్మకం కుదిరింది.

2025 జనవరి 13, భోగి. తెల్లవారుజామున నాలుగింటికి వీధి వీధికీ మంటలు. పిల్లాణ్ణి బయటికి పంపలేదు, తలుపులు వేసే ఉంచాం. కానీ పాత టైర్లు వేశారు ఎవరో, పొగ మంచుతో కలిసి కిందనే నిలిచిపోయింది. పగలంతా పొడిదగ్గు. రాత్రి ఒంటిగంటకి పిల్లికూతలు. డొక్కలు.

ఈసారి నీలం పంపు ఉంది, ఎలా వేయాలో తెలుసు. స్పేసర్ పెట్టి ఒక్కోసారి ఒక్కటే నొక్కి, ఆరు ఊపిరులు తీయించి, మళ్లీ ఇంకొకటి, అలా నాలుగు. ఇరవై నిమిషాలు చూసి ఇంకో నాలుగు. డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చిన వరస ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది, వణుకుతూ అదే చదువుకుంటూ చేశాను. కూతలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. తెల్లారి సంక్రాంతి రోజు మళ్లీ ఒంగోలు. ఆక్సిజన్ 95. ఒకసారి నెబులైజర్ పెట్టి, సాయంత్రం దాకా చూసి పంపించారు. 2,100 రూపాయలు అయింది.

డాక్టరమ్మ పండగ రోజు కూడా వచ్చింది. వాడి ఛాతీ విని, నా వైపు చూసి, "పంపు ఎన్నాళ్ల నుంచి ఆపావు?" అంది. మా ఆయన పక్కనే ఉన్నారు. అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. మూడు వారాలు అన్నాను. ఆయన తల తిప్పి నా వైపు చూశారు. ఆ చూపు నాకు తిట్టు కంటే ఎక్కువ.

ఆవిడ మాత్రం అరవలేదు. "వాకిలి ఊడిస్తే ఇంట్లో కసువు పోద్దా? ముక్కు వాకిలి. రోజూ ఊడుస్తున్నావు, బాగా ఊడుస్తున్నావు. వాపు ఉన్నది లోపలి గదిలో. దానికి పంపే." పంపులో వేసే మోతాదు ఎంత చిన్నదో, దీపావళికి ఆసుపత్రిలో తాగించిన స్టెరాయిడ్ సిరప్‌తో పోలిస్తే అది ఎన్నో వంతో లెక్క వేసి చూపించింది. పంపు మానిన ప్రతిసారీ ఆ సిరప్ అవసరం రావడమే పిల్లాడికి ఎక్కువ స్టెరాయిడ్ అంది. ఈ ముక్క నాకు డిసెంబరులో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. లేదు, చెప్పారు. నేనే వినలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మేం మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చాక ఆయన ఫ్రిజ్ తలుపు మీద ఇంకో కాగితం అంటించారు. ముప్పై గళ్లు. పంపు వేసినప్పుడు ఒక టిక్కు, ముక్కు కడిగినప్పుడు ఒక టిక్కు. టిక్కు పెట్టేది చిన్నోడు. పెన్ను దారంతో కట్టారు.

ఫిబ్రవరి 10న చూపించాం, మార్చి 10న చూపించాం. రెండు నెలల్లో నీలం పంపు ఒక్కసారే వాడాం, అదీ బడిలో గోడలకి సున్నాలు వేసిన రోజు. ముక్కు స్ప్రే ఆపేశారు. కడగడం రెండు పూటల నుంచి ఒక పూటకి తగ్గించారు. జలుబు చేసినప్పుడు, లేదా దుమ్ములో తిరిగొచ్చినప్పుడు మాత్రం మళ్లీ రెండు పూటలు. పొద్దున లేవగానే చేస్తున్నాం, పడుకునే ముందు చేస్తే మిగిలిన నీళ్లు గొంతులోకి జారి దగ్గొస్తోంది. కడిగాక ఒకసారి బాగా ముందుకు వంగి, తల అటూ ఇటూ తిప్పితే లోపల నిలిచినవి కూడా కారిపోతాయి. లేకపోతే గంట తర్వాత బడిలో ప్రార్థనకి నిలబడ్డప్పుడు బొట్లు బొట్లుగా కారతాయి. ఒకసారి అలా కారి తోటి పిల్లలు నవ్వారని రెండు రోజులు అలిగాడు.

జూన్‌లో బడులు తెరిచాక మళ్లీ రమ్మన్నారు. అప్పటికి ఇలాగే ఉంటే పంపు తగ్గించడం గురించి ఆలోచిద్దాం, అదీ నా ముందే, అంది డాక్టరమ్మ.

నిన్న సిరప్ మూత మీద గీత చెరిగిపోయినట్టు అనిపించింది. వేడినీళ్లతో రోజూ కడగడం వల్ల అరిగింది. చిన్నోణ్ణి తీసుకొని బంగారం కొట్టుకి వెళ్లాను. ఆయన కాటా మీద కాగితం పెట్టి సున్నా చేశాడు. చిన్నోడు గడ్డం బల్లకి ఆనించి, అంకెలు మారుతుంటే పైకి చదువుతున్నాడు. ముక్కుతోనే ఊపిరి తీస్తున్నాడు. 4.50 రాగానే "ఆపండి తాతా" అన్నాడు.